ఉద్యోగి పర్యవేక్షణ సాఫ్టువేరు

ఉద్యోగి పర్యవేక్షణ సాఫ్టువేరు అనగా ఒక సంస్థ తన ఉద్యోగులకు ఇచ్చిన కంప్యూటరులో అమర్చి, దానిపై జరుగు పనిని నమోదు చేయు ప్రోగ్రాము. 2020లో కోవిడ్ వలన కార్యాలయపు పని ఇళ్ళకు చేరిన తరువాత దీని వాడుక విస్తరించింది. లాప్‌టాప్ సంస్థ సొత్తు. అది కలిసే వైఫై మాత్రము కుటుంబమంతటిది. అపోహలకు, వివాదాలకు మూలము ఇదే.

పనిచేయు విధానము

ఏ ప్రోగ్రాము, ఏ వెబ్‌సైటు ఎంతసేపు తెరచి ఉన్నది, కీబోర్డు, మౌసు ఎంతసేపు కదలలేదు వంటి వివరాలు సంస్థ సర్వరుకు చేరుతాయి. కొన్ని ప్రోగ్రాములు మధ్యమధ్య తెర చిత్రాలు తీస్తాయి. కొన్ని నొక్కిన ప్రతి అక్షరాన్నీ నమోదు చేస్తాయి. నిర్వాహకుని అమరికను బట్టి ఇది మారుతుంది. కనుక ప్రోగ్రాము పేరు తెలిసినంత మాత్రాన ఏది నమోదగుచున్నదో తెలియదు.

వెబ్ చిరునామా పక్కన తాళము గుర్తు ఉన్నది గనుక ఎవరూ చూడలేరనుకొనుట పొరపాటు. సంస్థ తన సొంత ధ్రువపత్రాన్ని లాప్‌టాప్‌లో ముందే చేర్చినచో, గుప్తీకరించిన సమాచారాన్ని మధ్యలో విప్పి, పరిశీలించి, మరల గుప్తీకరించి పంపగలదు. అప్పుడు కూడా తాళము గుర్తు కనిపిస్తూనే ఉంటుంది. అక్షరాలను నమోదు చేయు ప్రోగ్రాముకైతే అవి గుప్తీకరణకు ముందే అందుతాయి. అందుచేత ఇంటి రౌటరులో వీపీఎన్ పెట్టుకొన్నా లాప్‌టాప్‌పై చేసిన పని దాగదు.

ఇంటి నెట్‌వర్కు

ఒకే వైఫైలో ఉన్నంత మాత్రాన కుటుంబ సభ్యుల ఫోన్లలోని సందేశాలు సాధారణముగా సంస్థకు కనిపించవు. ఈ విషయములో భయము కొంత అతిశయమే. అయితే ప్రింటరు, టీవీ వంటివి తమ ఉనికిని తామే నెట్‌వర్కులో ప్రకటించుకొంటాయి. వాటి పేర్లు, చిరునామాలు లాప్‌టాప్ తెలుసుకొనగలదు. మైక్రోసాఫ్టు వారి డిఫెండర్ ఫర్ ఎండ్‌పాయింట్‌లో ఇటువంటి పరికరాలను కనుగొను సదుపాయము 2021లో చేరింది. సంస్థ నెట్‌వర్కులను మాత్రమే గమనించునట్లు దాని తొలి అమరిక ఉన్నది. నిర్వాహకుడు దానిని మార్చవచ్చును.

చట్టము

రుమేనియాలో ఒక ఉద్యోగి యాహూ మెసెంజరు సంభాషణలను గమనించి, 2007లో అతనిని ఉద్యోగము నుండి తొలగించారు. పర్యవేక్షణ స్వభావమును, విస్తృతిని అతనికి ముందుగా తెలుపలేదు. 2017 సెప్టెంబరు 5న ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానము 11–6 ఓట్లతో అతని పక్షమున తీర్పు చెప్పింది. న్యూయార్కు రాష్ట్రములో 2022 మే 7 నుండి ఎలక్ట్రానిక్ పర్యవేక్షణ గురించి ఉద్యోగములో చేరునప్పుడే వ్రాతపూర్వకముగా తెలుపవలెను. భారతదేశములో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 7వ సెక్షను, ఉద్యోగ అవసరాలకై సమాచారమును విడిగా సమ్మతి కోరకనే వినియోగించుటకు వీలు కల్పించింది. ఉద్యోగ ఒప్పందముపై సంతకము చేయని కుటుంబ సభ్యుల మాట ఆ వెసులుబాటులో లేదు.

రక్షణ పద్ధతులు

పర్యవేక్షణ ప్రోగ్రామును తొలగించ ప్రయత్నించినచో ఉద్యోగమునకే ముప్పు రావచ్చును. బ్యాంకు పనులు, వైద్యుని నివేదికలు, సొంత మెయిలు సొంత ఫోనులోనే చూచుకొనుట మేలు. ఇంటి పరికరాలను వేరుచేయుటకు రౌటరులోని అతిథి నెట్‌వర్కు చాలును. లాప్‌టాప్‌ను దానికి కలిపి, మిగిలినవాటిని ప్రధాన నెట్‌వర్కులో ఉంచవలెను. కొన్ని రౌటర్లలో అతిథులకు ఇంటి పరికరాలు అందకుండా చేయు ఎంపికను విడిగా గుర్తించవలసి ఉంటుంది. సొంత ఫోనును అతిథి నెట్‌వర్కులో కలిపి, ప్రింటరు కనిపించుచున్నదేమో చూచినచో ఇది తేలుతుంది. ప్రింటరు కనిపించనిచో అమరిక సరిగా ఉన్నట్లే. అయితే ఆ లాప్‌టాప్ నుండి ఇంటి ప్రింటరుపై ముద్రించుట ఇక సాధ్యపడదు.