ట్రాక్టరు వెనక ట్రక్కు

మన హాస్టల్లో సెలవులకు ఊరెళ్లి ట్రాక్టరు ట్రక్కు ఎక్కని వాళ్లు లేరు. ఓ సంక్రాంతికి మేము వడ్ల బస్తాల మీద కూర్చుని వస్తుంటే, కాలువ గట్టు దిగేచోట డ్రైవరన్న డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్ చేశాడు. చాలా ట్రక్కులకు వేరే బ్రేకులుండవు. మాదీ అంతే. బరువంతా వెనకనుంచి నెట్టేసరికి ఇంజను అడ్డం తిరిగింది. తుమ్మచెట్టు ఆపబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

దిగుడు రాకముందే చిన్న గేరు వేసుకోవాలి. అప్పుడు ఇంజనే బరువును పట్టి ఉంచుతుంది. ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు విడివిడి బ్రేకు పెడల్సు ఉంటాయి. అవి పొలంలో మలుపు తిప్పడానికి. రోడ్డెక్కితే రెంటినీ గొళ్లెంతో కలపాలి, లేకుంటే ఒక పక్కే బ్రేకు పట్టి బండి బోల్తా పడొచ్చు. బస్తాలన్నీ వెనక్కి వేస్తే కొక్కెం పైకి లేచి ఇంజను పెద్ద చక్రాలకు పట్టు పోతుంది. మరీ ముందుకు వేస్తే చిన్న చక్రాలు తేలి స్టీరింగు మాట వినదు. పిన్నుకు క్లిప్పు పెట్టారో లేదో చూడటం అర నిమిషం పని, అదే ఎవరూ చూడరు.

ట్రక్కులో మనుషుల్ని ఎక్కించడాన్ని చట్టం ఒప్పుకోదు. బస్సు రాని ఊళ్లలో కూలికెలా పోవాలో మాత్రం చెప్పదు. మా అమ్మలు ఇప్పటికీ నాట్లకు అందులోనే వెళ్తున్నారు.