"మిషను మాట వినలేదు" అంటే సరిపోతుందా?

పోయిన ఏడు సార్వా పైరు మీద, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఒక ఊళ్లో, వరికి మందు కొడుతున్న డ్రోను తాడిచెట్టుకు కొట్టుకుని గట్టు మీద పడింది. గట్టు మీద డ్రమ్ములో మందు కలుపుతున్న కూలి మనిషి ఒకామె ఉంది. తిరుగుతున్న రెక్క ఆమె మోచేతి కింద కోసేసింది. ట్యాంకులో మిగిలిన మందు ఒంటి మీద పడింది. ఏడు కుట్లు. 12 రోజులు పని లేదు.

కబురు తెలిసి సాయంత్రం నేను వెళ్లేసరికి పంచాయితీ నడుస్తోంది. "కుర్రాడికి చేతకాదు" అంటాడు రైతు. "మిషను మాట వినలేదండీ" అంటాడు డ్రోను నడిపిన కుర్రాడు. "యంత్రం అన్నాక ఒకప్పుడు పడుతుంది, ఏం చేస్తాం" అంటాడు అద్దెకిచ్చిన కంపెనీ మనిషి. తప్పు ఎవరిదీ కాదని తేల్చి, ఆమె చేతిలో ఐదొందలు పెట్టి పంపే ఏర్పాటు జరుగుతోంది.

ట్రాక్టరు బ్రేకు పడక మనిషి మీదికొస్తే "ట్రాక్టరు మాట వినలేదు" అని ఊరుకుంటామా? బ్రేకు ఎవరు చూసుకోలేదో అడుగుతాం. మరి డ్రోను దగ్గర ఎందుకు అడగం? లోపల ఏముందో మనకు తెలియదు గనక. అవతలివాడికి కావలసిందీ అదే. నేను ఇంజనీరును కాను. పాలిటెక్నిక్ చదివిన మన కుర్రాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నది చెబుతున్నాను.

డ్రోను ఎలా నిలబడుతుంది?

డ్రోను గాలిలో నిలబడేది నడిపేవాడి చేతివాటంతో కాదు. నాలుగో, ఆరో ఫ్యాన్లుంటాయి. వాటిలో సగం కుడికి, సగం ఎడమకు తిరుగుతాయి. ఏ ఫ్యానును ఎంత వేగంగా తిప్పాలో క్షణక్షణం లెక్క కట్టే చిన్న పెట్టె ఒకటి మధ్యలో ఉంటుంది. దాన్నే ఫ్లైట్ కంట్రోలరు అంటారు. దేశదేశాల ప్రోగ్రామర్లు కలిసి రాసి అందరికీ బహిరంగంగా పెట్టిన ఆర్డుపైలట్ అనే ప్రోగ్రాములో ఈ లెక్క సెకనుకు 400 సార్లు జరుగుతుంది. కుర్రాడు కర్ర తోస్తే "అటు పోవాలి" అని చెప్పినట్టు మాత్రమే. ఎలా పోవాలో చూసుకునేది ఆ పెట్టె.

ఆ పెట్టెకు కళ్లు లేవు. ఒరిగిందా, కుదుపొచ్చిందా చెప్పేవి రెండు, గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పేది ఒకటి, దిక్కు చెప్పే దిక్సూచి ఒకటి, ఉపగ్రహాలను బట్టి చోటు చెప్పే జీపీఎస్ ఒకటి. ఈ సెన్సర్లు ఏం చెబితే అదే దానికి లోకం. అవి అబద్ధం చెబితే పెట్టె అబద్ధాన్నే నమ్ముతుంది.

ఇది డ్రోనుకే కాదు, పెద్ద విమానానికీ అంతే. 2018లో ఇండోనేషియాలో, 2019లో ఇథియోపియాలో బోయింగ్ 737 మాక్స్ విమానాలు రెండు కూలి 346 మంది చనిపోయారు. ముక్కు ఎంత పైకి లేచిందో చెప్పే సెన్సరు తప్పు చెప్పింది. ఆ ఒక్కదాని మాట నమ్మి కంప్యూటరు విమానాన్ని కిందికి తోసింది. మొదటి విమానం కూలేదాకా అలాంటి ఏర్పాటు ఒకటుందని పైలట్లకే చెప్పలేదు. ఒకే సాక్షిని నమ్మడం, నడిపేవాడికి చెప్పకపోవడం, ఈ రెండు తప్పులూ మన చేలల్లోనూ ఉన్నాయి.

ఎక్కడ దెబ్బ తింటుంది?

మంచి కంట్రోలర్లలో ఒరుగు, కుదుపు చెప్పే సెన్సర్లు మూడు జతలుంటాయి. ఒకటి తప్పు చెబితే మిగతావి పట్టేస్తాయి. చవక వాటిలో ఒకటే జత.

రెక్క అంచు చిట్లిందనుకోండి. చూడ్డానికి చిన్న గంటు. కానీ నిమిషానికి వేల చుట్లు తిరిగేటప్పుడు డ్రోను మొత్తం వణుకుతుంది. ఆ వణుకుకు సెన్సరు లెక్క తప్పి, ఉన్న ఎత్తులోనే ఉన్నా "పడిపోతున్నాను" అనుకుని డ్రోను నిలువునా పైకి లేస్తుంది. కుర్రాడు కిందికి లాగినా రాదు. "మాట వినలేదు" అనేదానికి అసలు కారణం చాలాసార్లు కొత్త రెక్క కొనని పిసినారితనం.

దిక్సూచి ఇనుము దగ్గర, ఎక్కువ కరెంటు పారే తీగల దగ్గర తప్పు దిక్కు చూపుతుంది. అప్పుడు డ్రోను నిలిచిన చోట నిలవక గానుగెద్దులా తిరుగుతుంది. తిరిగేకొద్దీ చుట్టు పెద్దదవుతుంది.

బ్యాటరీ ముసలిదైతే నిండు ట్యాంకు మోసేటప్పుడు వోల్టేజి దబ్బున పడుతుంది. కంట్రోలరుకు కరెంటు అందించే తీగ వదులైతే పెట్టె గాలిలోనే ఆరిపోతుంది. అది మళ్లీ వెలిగే లోపల డ్రోను నేల మీద ఉంటుంది. మందు నీళ్లు, యూరియా చెమ్మ తగిలే చోట ఆ తీగల కొసలు తుప్పు పట్టకుండా ఎలా ఉంటాయి?

నాలుగు ఫ్యాన్ల డ్రోనులో ఒక మోటారు ఆగితే మామూలుగా అదుపు పోయినట్టే. ఆరు ఫ్యాన్లుంటే దిగడానికి కొంత అవకాశం, ఎనిమిదుంటే ఇంకాస్త.

అన్నిటికన్నా ఘోరం మరొకటి. ఎగిరే ముందు కంట్రోలరు తనను తాను పరీక్ష చేసుకుంటుంది. సెన్సర్లు సరిగా లేకపోతే ఫ్యాన్లు తిప్పనంటుంది. ఆ పరీక్షనే ఆపేసి ఎగరేసేవాళ్లున్నారు. ఎందుకంటే ఎకరానికింత అని కూలి. మొరాయించిన గంటకు కూలి రాదు.

మెమరీ కార్డు చెప్పింది

మళ్లీ ఆ ఊరికి వద్దాం. కంట్రోలరులో చిన్న మెమరీ కార్డు ఉంటుంది. ఎంత ఎత్తు, ఎంత వోల్టేజి, కుర్రాడు ఏం చెప్పాడు, పెట్టె ఏం చేసింది, అన్నీ అందులో రాసి ఉంటాయి. అందరి ఎదుటా కార్డు తీయమన్నాం. కంపెనీ మనిషి నసిగాడు. రాత్రి ఎనిమిదింటికి తీశాడు.

బ్యాటరీ తగ్గగానే కంట్రోలరు తనంతట తానే ఇంటిదారి పట్టింది. అలా వచ్చేటప్పుడు ఎంత ఎత్తుకు లేవాలో ముందుగానే ఒక అంకె పెట్టుకోవాలి. ఎవరూ మార్చకపోతే ఆర్డుపైలట్‌లో అది 15 మీటర్లు. కార్డులో అదే 15 ఉంది. దారిలో ఉన్న తాడిచెట్టు 20 మీటర్ల పైమాటే. మిషను చెప్పినట్టే విన్నది. చెప్పవలసినవాడే చెప్పలేదు.

అలాంటి అంకె ఒకటుందని ఆ కుర్రాడికి తెలియదు. అతన్ని తిట్టినందుకు రైతు తలొంచుకున్నాడు. ఆసుపత్రి ఖర్చు, 12 రోజుల కూలి కంపెనీయే ఇచ్చింది. కార్డు లేకపోతే ఆ ఐదొందలే మిగిలేవి.

డ్రోను వద్దనడం లేదు

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. డ్రోను మనకు శత్రువు కాదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వీపున పంపు మోసి, ఆ విషం పీల్చే పని తప్పితే సంతోషించేది ముందు మనమే. కానీ పంపు దింపి, తల మీద పాతిక కిలోల యంత్రాన్ని తిప్పుతామంటే దానికి పూచీ ఎవరిది?

2023లో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం ప్రకటించింది. 1,261 కోట్లతో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు. ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు సబ్సిడీ. మిగతాది సంఘం భరించాలి, అంటే చాలా చోట్ల అప్పే. సంఘంలో ఒకరికి 15 రోజుల శిక్షణ, అందులో డ్రోను నడపడానికి 5 రోజులు. ఆ ఐదు రోజుల్లో ఎగరేయడం నేర్పొచ్చు. కార్డు చదవడం, వణుకు కొలవడం, తిరుగు ఎత్తు పెట్టడం నేర్పకపోతే రేపు డ్రోను పడ్డనాడు అప్పూ నిందా ఆ అక్కచెల్లెళ్ల మీదే పడతాయి.

2021 డ్రోన్ నిబంధనలు కొంత ఆసరా ఇస్తాయి. 250 గ్రాములు దాటిన డ్రోనుకు థర్డ్ పార్టీ బీమా ఉండాలి. ప్రమాదం జరిగితే 48 గంటల్లోగా విమానయాన శాఖ డైరెక్టరేటుకు తెలపాలి. మోడలుకు ధ్రువపత్రం ఉండాలి. అయితే ఆ పత్రం మోడలుకే. మూడుసార్లు పడి, ఏదో బోర్డు మార్చి అతుకులేసిన మన ఊరి డ్రోను ఎలా ఉందో అది చెప్పదు.

కనుక చేలోకి డ్రోను వచ్చిన రోజు, ఎగరక ముందే అడగండి. బీమా కాగితం ఏది? తిరుగు ఎత్తు ఎంత పెట్టావు, మన చెట్లూ కరెంటు తీగలూ అంతకన్నా కిందే ఉన్నాయా? రెక్కలు గంటు లేకుండా ఉన్నాయా? ఎగిరే ముందు పరీక్ష నడుస్తోందా, ఆపేశారా? అది ఎగురుతున్నంతసేపు, దాని తిరుగుదారిలో మనుషులు నిలబడకుండా మందు కలిపే డ్రమ్ము ఎక్కడ పెడతారు?

పడితే మాత్రం ముందు మనిషిని ఆసుపత్రికి పంపండి. ఏ మందు ట్యాంకులో ఉందో ఆ డబ్బా కూడా పంపండి, డాక్టరుకు కావాలి. ఆ తర్వాత నలుగురి ఎదుట కార్డు తీయించి నకలు తీసుకోండి. కొన్ని కంపెనీల కంట్రోలర్లలో ఆ రాతకు తాళం ఉంటుంది, కంపెనీ తప్ప ఎవరూ చదవలేరు. అలాంటివాటికి సబ్సిడీ ఇవ్వొద్దనీ, దెబ్బతిన్నవాళ్లకు ఆ రాత చూసే హక్కు నిబంధనల్లో రాయాలనీ మనం ప్రభుత్వాన్ని అడగాలి. ఎకరాల లెక్కన కాకుండా రోజు లెక్కన పైలటు కుర్రాళ్లకు కూలి ఇవ్వాలనీ అడగాలి. వాళ్లూ మనలాంటి కూలీలే.

ఆ చెల్లెలి చెయ్యి మానింది. పిడికిలి ఇంకా పూర్తిగా బిగియదు. నాట్లకు పోతోంది గానీ కట్ట విప్పడానికి పక్కామె సాయం కావాలి.