తాత అంబాసిడర్‌కి రెండో కార్బొరేటర్

“అబ్బయా, బండి పరిగెత్తేది తర్వాత. ముందు ఆగుద్దా?”

మా తాత ఈ మాట అడిగినప్పుడు నేను మైపాడు దగ్గర మా ఊళ్లో, కొబ్బరిచెట్టు కింద, ఆయన 1972 మోడల్ అంబాసిడర్ బానెట్‌లోకి తల దూర్చి ఉన్నాను. చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఈ కారుతో కుస్తీ పడుతున్న రోజులవి. ఆ ప్రశ్నకు నవ్వేసి ఊరుకున్నా. అలా ఊరుకోకుండా ఉండాల్సింది.

ఒకే ఇంజన్, రెండు బతుకులు

అంబాసిడర్ అంటే మన కారే అనుకుంటాం గానీ దాని పుట్టిల్లు ఇంగ్లండ్. అక్కడి మధ్యతరగతి కుటుంబాల కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీనే హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు అంబాసిడర్‌గా ఇక్కడికి తెచ్చారు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. తాత బండిలో ఉన్నది బీఎంసీ కంపెనీ రూపొందించిన బీ సిరీస్ ఇంజన్. 1489 సీసీ, సుమారు 55 హార్స్‌పవర్.

ఇదే 1489 సీసీ ఇంజన్‌ని 1955లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో పెట్టారు. అక్కడ 68 హార్స్‌పవర్ ఇచ్చింది, కొన్నాళ్లకే 72కి చేరింది. రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు, ఎక్కువ కంప్రెషన్, గాలీ పొగా సులువుగా కదిలే దారులు... తేడా అంతా ఇక్కడే ఉంది. అప్పట్లో ఇంగ్లండ్‌లో కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఇంటి షెడ్లలో తమ సెలూన్ కార్లకు ఈ పనులే చేసుకునేవాళ్లు. హెడ్ కాస్త గీయించి కంప్రెషన్ పెంచడం, పోర్టులు నున్నగా అరగదీయడం, రెండో కార్బొరేటర్ బిగించడం.

మనవాళ్లూ తక్కువేం తినలేదు. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే దారిలోనే ఉంది షోలవరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆ రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏళ్ల తరబడి రేసులు నడిపింది. 1990లో ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చేదాకా అదే దక్షిణాది రేసుల అడ్డా. విడిభాగాలు దిగుమతి చేసుకోవడం గగనమైన రోజుల్లో లేత్ షాపు, ఆకురాయి, మేస్త్రీ చెవి... ఇవే మనవాళ్ల ఆస్తి. తాత ఒకసారి ఆ రేసు చూసొచ్చి నెల రోజులు అదే కబుర్లు చెప్పాడట.

భాయ్ పాఠం

నెల్లూరులో పాత బండ్లు చూసే భాయ్ దగ్గరికి రెండో కార్బొరేటర్ సంగతి తీసుకెళ్తే నవ్వాడు. “ముందు ఉండే గుర్రాల్ని లెక్కపెట్టు బాబూ. కొత్తవి తర్వాత తెచ్చుకుందాం.”

మా ఉద్యోగంలోనూ ఇదే సూత్రం. ఎక్కడ ఆలస్యమవుతోందో కొలవకుండా కోడ్ మార్చకూడదు.

ఆ రోజు టాపెట్లు చూశాం. 15 థౌ ఉండాల్సిన సందు రెండుచోట్ల పూర్తిగా మూసుకుపోయింది. డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు మాడిపోయాయి. చిన్న బల్బు, రెండు వైర్లతో టైమింగ్ పెట్టాం. చివరికి కార్బొరేటర్. లోపలి పిస్టన్‌ని పిన్నుతో కొద్దిగా లేపాలి. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. ఇంజన్ ఆగిపోబోతే పెట్రోలు తక్కువ. ఒక్క క్షణం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఏ మీటరూ అక్కర్లేదు.

కొత్త సామాను ఒక్కటీ పెట్టకుండానే బండి వయసు ఇరవై ఏళ్లు తగ్గింది. “ఇక చాలు” అన్నాడు భాయ్. నేను వినలేదు.

పాత సామాన్ల అంగళ్లు తిరిగి ఇంకో ఎస్‌యూ కార్బొరేటర్, మానిఫోల్డ్ సంపాదించా. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండోది కార్బొరేటర్ నోటి దగ్గర పెట్టుకుని, రెండింటి బుస ఒకేలా వినిపించేదాకా స్క్రూలు తిప్పుతూ కూర్చున్నా. పికప్ నిజంగానే పెరిగింది. అయితే దానికో హద్దుంది. ఈ హెడ్‌లో ఒకటి, రెండు సిలిండర్లకు ఒకటే గాలిదారి. మూడు, నాలుగుకీ అంతే. 73 మిల్లీమీటర్ల బోరుకి 88.9 స్ట్రోకు, క్రాంక్‌కి మూడే మెయిన్ బేరింగులు. బరువు లాగడానికి పుట్టిన ఇంజన్ ఇది. ఎగిరి గంతులెయ్యమంటే మొరాయిస్తుంది.

ఆ ఆదివారం

తాతని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మైపాడు రోడ్డెక్కా. స్పీడోమీటర్ ముల్లు 80 మీద ఉంది. మలుపు తిరగ్గానే రోడ్డుకి అడ్డంగా బర్రెలు. బ్రేక్ తొక్కా. బండి ఆగకుండా కుడివైపుకి లాగేసింది. రోడ్డు దాటి రొయ్యల గుంట గట్టు మీదికెక్కి, నీళ్లకు మూరెడు దూరంలో నిలబడింది. సీటు బెల్టుల్లేని బండి. తాత నుదురు డాష్‌బోర్డుకి కొట్టుకుంది. నాలుగు కుట్లు.

తప్పు బర్రెలది కాదు, బండిదీ కాదు. చక్రాలు విప్పితే ఎడమవైపు ముందు డ్రమ్ములో వీల్ సిలిండర్ పిస్టన్లు తుప్పుతో బిగుసుకుని ఉన్నాయి. మా ఊళ్లో ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు. ఆరు నెలలు ఇంజన్ ముందు కూర్చున్న నేను ఒక్కరోజు కూడా చక్రం విప్పలేదు. వేగం 60 నుంచి 80కి పెరిగితే బ్రేకులు అరాయించుకోవాల్సిన శక్తి 78 శాతం పెరుగుతుంది. ఇంజనీరింగ్‌లో ఈ లెక్క రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను!

ఇప్పుడు నాలుగు చక్రాలకూ కొత్త సిలిండర్లు, కొత్త షూలు, మాస్టర్ సిలిండర్‌కి కొత్త కిట్టు పడ్డాయి. ఈ20 పెట్రోలు పాత రబ్బరుకి పడదని పెట్రోలు గొట్టాలూ మార్చాను. పాత సెలూన్ కారు మీద మోజున్న తమ్ముళ్లకు చెప్పేది ఒకటే. వరస మార్చకండి. ముందు బ్రేకులు, టైర్లు, స్టీరింగ్. తర్వాత పాయింట్లు, టాపెట్లు, టైమింగ్. ఆ తర్వాతే ఎంజీఏ కలలు.

రెండో కార్బొరేటర్ తీసేద్దామనుకున్నా. తాతే వద్దన్నాడు. “ఉండనీ అబ్బయా, ఆ బుస బాగుండాది. ఇప్పుడు ఆగద్ది గదా” అన్నాడు.

పోయిన వారం మళ్లీ సముద్రం దాకా వెళ్లొచ్చాం, నలభైలో.