ఇంటి మీదికి వాలిన కొమ్మను దించే పద్ధతి



మన కోటబొమ్మాళి వైపు పెరట్లో మామిడో పనసో, వాకిట్లో వేపో లేని ఇల్లు తక్కువ. ఆ నీడనే పిల్లలు ఆడుకుంటారు, ఆ నీడనే మనం బియ్యం ఏరుకుంటాం. అయితే 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. నీడనిచ్చే కొమ్మే అలాంటి రాత్రి ఇంటికి గండం. అందుకే ఆశ్వయుజ, కార్తీక మాసాల తుఫానులు రాకముందే దాని సంగతి చూసుకోవాలి.

కొమ్మ కొట్టించడం మగవాళ్ల పని, మనకెందుకూ అంటారేమో. మన జిల్లాలో ఎంతమంది మగవాళ్లు పనుల కోసం దూరదేశాలు పోలేదు? మనిషిని పిలిచి, కూలి మాట్లాడి, కింద నిలబడి చూసుకునేది చాలా ఇళ్లలో మనమే.

మొదట బరువు సంగతి. అడుగు మందం, పది అడుగుల పొడవు ఉన్న పచ్చి కొమ్మ సుమారు రెండు క్వింటాళ్లు తూగుతుంది. అది పెంకుల మీద పడితే పెంకులూ మిగలవు, వాసాలూ మిగలవు. కనుక అంత కొమ్మను ఒక్క దెబ్బకు నరకనివ్వకండి. చివరి నుంచి మొదలుకి, చిన్న చిన్న ముక్కలుగా కోయించండి.

ప్రతి ముక్కనూ తాడుతో దించాలి. కోసే కొమ్మకంటే పైన ఉన్న గట్టి పంగ మీదుగా తాడు వేసి, ఒక కొస కొమ్మకు కడతారు. పంగకు కప్పి కట్టి అందులోంచి తాడు పోనిస్తే ఇంకా మంచిది, తాడు ఒరుసుకుపోదు. రెండో కొసను కింద మానుకు రెండు మూడు చుట్లు చుట్టి, మనిషి పట్టుకోవాలి. బరువులో ఎక్కువ భాగం ఆ చుట్ల ఒరిపిడే ఆపుతుంది; మెల్లగా వదులుతూ దించవచ్చు. తాడును చేతికి గాని, నడుముకు గాని ఎన్నడూ చుట్టుకోకూడదు.

తాడు ముందే బిగువుగా ఉండాలి. ఎందుకంటారా? నిండు బిందెను నూతిలోకి నెమ్మదిగా దించితే చేంతాడుకేమీ కాదు. వదిలేసి మధ్యలో ఠక్కున పట్టుకుంటే పుటుక్కున తెగుతుంది. కొమ్మ కూడా అంతే. నాలుగడుగులు జారి ఆగితే తాడు మీద దాని బరువుకి ఎన్నో రెట్లు పడుతుంది. అందుకని ఎండకు పెళుసెక్కిన తాడు, ముడులు పడ్డ పాత తాడు ఈ పనికి వద్దు.

కోతకూ ఒక వరస ఉంది. మాను నుంచి అడుగు దూరంలో ముందు కొమ్మ అడుగు భాగాన కొంత కోయాలి. తరువాత కొంచెం అవతలగా పైనుంచి కోయాలి. అడుగు కోత లేకపోతే కొమ్మ విరిగేటప్పుడు మాను బెరడు కిందికంటా చీలిపోతుంది. మిగిలిన మొండెను చివర్లో, కొమ్మ మొదట్లో ఉబ్బుగా కనిపించే చోటికి బయటగా తీయించాలి. ఆ ఉబ్బును చెక్కేస్తే గాయం మానదు.

చెట్టెక్కిన మనిషికి తన నడుముకు వేరే తాడు ఉండాలి. కొమ్మ తాడుకి, ఆయన తాడుకి సంబంధం ఉండకూడదు. తలకు హెల్మెట్ ఉండాలి. గాలివానలో, తడి చెట్టు మీద పని పెట్టకండి. కొమ్మ దగ్గర కరెంటు తీగ ఉంటే పని ఆపి 1912కి ఫోను చేయండి. పచ్చి కొమ్మలోంచి కరెంటు పాకుతుంది. లైను ఆపామని వాళ్లు చెప్పేదాకా ఎవరినీ చెట్టెక్కనివ్వద్దు.

పని జరిగేంతసేపూ ఇంట్లో పొయ్యి ఆర్పి, పిల్లల్నీ ముసలివాళ్లనీ పశువుల్నీ దూరంగా ఉంచండి. కొమ్మ కింద ఎవరూ నిలబడకూడదు, మంచినీళ్లు అందించడానికైనా సరే.

రెండు వందలు తక్కువకు చేస్తానని తాడు లేకుండా ఎక్కే మనిషి దొరకవచ్చు. పెంకులు మళ్లీ కొనుక్కోగలం. ఆ చెట్టెక్కిన మనిషి కోసమూ ఒక ఇంట్లో ఒక అమ్మ అన్నం వండి ఎదురుచూస్తుంటుంది. ఆ మాట గుర్తుంచుకుని కూలి మాట్లాడండి.