ఎఱ్ఱనాచు దౌత్యము

తుమ్మెదలును తేనెటీగలును పూలమొక్కలకు చేయు ఉపకారము మనకు చిరపరిచితమే. కాని పువ్వు పూయని, తేనె యొసగని, ఉప్పునీట మునిగి బ్రదుకు నాచుమొక్కకు సైతము అట్టి ఉపకారి యొకడు కలడని 2022 జూలైలో ‘సైన్స్’ పత్రికయందు ప్రకటించినవారు ఫ్రాన్సు దేశమున రోస్కోఫ్ సముద్రజీవశాస్త్ర కేంద్రమునకు చెందిన మిరియం వలేరో, ఎమ్మా లవో ప్రభృతులు. అంతవఱకును పాఠ్యగ్రంథములు పురుషబీజమును చేరవేయు కార్యభారమునంతయు సముద్రజలమునకే అప్పగించి ఊరకుండెను.

ఆ నాచు గ్రాసిలేరియా గ్రాసిలిస్ అను ఎఱ్ఱ శైవలము. ఇంగ్లీషు ఛానలు తీరమున, ఆటువేళ కడలి వెనుకకు తగ్గినప్పుడు రాతిగుంటలలో నిలిచిపోవు నీటియందు, తఱచుగా ఇసుక కప్పిన రాతినంటుకొని, ఇది పెరుగును. చిన్న బిళ్లవంటి పాదముతో రాతిని పట్టుకొని, దానినుండి ఒకటి రెండు మిల్లీమీటర్ల మందము గల గుండ్రని తీగలను గుత్తులుగా వెడలించును. అవి యొక్కొక్కప్పుడు 50 సెంటీమీటర్ల పొడవు సాగును. శీతకాలపు తుపానులకు తీగలు తెగిపోయినను పాదము చావదు. అనుకూలకాలము రాగానే మరల చిగిర్చి, ఏండ్ల తరబడి అదే రాతిపై నిలుచును. మండుటెండకు గుంటలోని నీరు వేడెక్కినను, వాన కురిసి ఉప్పదనము తగ్గినను ఓర్చుకొనగలదు. దీని దేహమున పత్రహరితము లేకపోలేదు. ఫైకోఎరిత్రిన్ అను ఎఱ్ఱని వర్ణకము దానిని కప్పివేయుచు, నీటిలో లోతునకు చొరగల నీల హరిత కాంతులను గ్రహించి ఆహారనిర్మాణమునకు అందించుచుండును.

ఇంతవఱకు బాగుగనే యున్నది. చిక్కంతయు సంతానోత్పత్తియందు కలదు. ఆకుపచ్చ శైవలములలోను గోధుమవర్ణపు శైవలములలోను పురుషబీజములు సాధారణముగా కశాభములు కలిగి నీటిలో ఈదుకొనిపోవును. ఎఱ్ఱ శైవలములకో జీవితచక్రమున ఏ దశయందును కశాభము లేదు. గ్రాసిలేరియాలో స్త్రీ మొక్క వేఱు, పురుష మొక్క వేఱు. పురుష మొక్క విడిచిన బీజము కొన్ని గంటలు మాత్రమే జీవించును. ఆ స్వల్పకాలములోపల, ఈదనేరని ఆ కణము, స్త్రీ మొక్క నీటిలోనికి చాచిన సూక్ష్మమైన రోమమును తగులుకొనవలెను. ఆటువేళ గుంటలో నీరు కదలదు. పోటువేళ అలలు బీజములను చెల్లాచెదరు చేయును. నీటిపై ఇంత భారము మోపి శాస్త్రజ్ఞులు అన్నాళ్లు నిశ్చింతగా నుండుట చిత్రమే.

సంయోగము ఫలించినచోట స్త్రీ మొక్క తీగపై, కంటికి కనబడునంత బొడిపె యొకటి లేచును. తీగను వ్రేళ్లమధ్య జార్చినచో గరుకుగా తగులును. సంయుక్తబీజము ఆ బొడిపెలోనే తల్లి పోషణమున పెరిగి, వేలకొలది ద్వయస్థితిక సిద్ధబీజములుగా విభజనమొంది వెలువడును. అవి మొలచి మూడవ తరమగును. ఆ తరమునకును తల్లిదండ్రులకును రూపమున భేదమే కానరాదు. దానియందు క్షయకరణ విభజనము జరిగి పుట్టిన సిద్ధబీజములనుండియే మరల స్త్రీ పురుష మొక్కలు జన్మించును. బీజము చేరుట దుర్లభము గనుకనే, చేరినదానిని వేలరెట్లు పెంచుకొను ఈ మార్గ మేర్పడెనని కొందఱు పండితుల యూహ.

ఒక్కొక్క బొడిపె ఒక్కొక్క సంయోగమునకు సాక్ష్యము గావున, పరిశోధకులకు లెక్క సులభమయ్యెను. రొయ్యలు పీతలు చేరిన క్రస్టేషియా వర్గముననే ఐడోటియా బాల్తికా అను చిన్న ప్రాణి యొకటి కలదు; గుంటలలోని నాచుతీగలపై ప్రాకుచు వానిని వీడకుండును. గాజుతొట్టెలలో స్త్రీ పురుష మొక్కలను 15 సెంటీమీటర్ల దూరమున నుంచి, కొన్నింట ఐడోటియాలను విడిచి, కొన్నింట విడువక చూడగా, అవి యున్న తొట్టెలలో సంయోగములు సుమారు 20 రెట్లు అధికమయ్యెను. పిమ్మట, పురుష మొక్కలతో కొంతకాల ముంచిన ప్రాణులను తీసి, బీజ మెఱుగని స్త్రీ మొక్కల నడుమ విడువగా, అచ్చటను బొడిపెలు లేచెను. సూక్ష్మదర్శినితో పరీక్షింప, జిగురుతో కూడిన పురుషబీజములు వాని కాళ్లకును ఒడలికిని అంటుకొని కానవచ్చెను.

ఈ దౌత్యమునకు వేతనమును కలదు. తీగలపై పేరుకొనిన డయాటములు అను సూక్ష్మశైవలములు ఐడోటియాకు మేత. తీగల గుబురు దానికి అలలనుండి రక్షణ. డయాటముల పొర తొలగుటచే నాచు మఱింత ఏపుగా పెరుగును. అయితే ఎఱ్ఱ శైవలముల వంశము దాదాపు నూఱుకోట్ల సంవత్సరముల నాటిది. ఐడోటియా చేరిన ఐసోపాడుల శిలాజములలో మిక్కిలి ప్రాచీనమైనవి సుమారు ముప్పదికోట్ల సంవత్సరముల నాటివే. కావున ఈ ప్రాణి పుట్టకమునుపు నాచు తన దారి తాను చూచుకొనినదే.

చైనా గ్రాసు పేరిట మన వంటిండ్లకు వచ్చు అగర్ అనునది ఇట్టి శైవలముల కణకవచములలోని పదార్థమే; ఆహారమునకు వాడు అగర్‌లో అధికభాగము నేడు గ్రాసిలేరియా జాతులనుండియే లభించుచున్నది. విశాఖపట్టణ తీరపు రాళ్లపై గ్రాసిలేరియా కార్టికేటా అను సజాతీయము పెరుగుచున్నది. ఆటువేళ అచ్చటికి పోవు విద్యార్థులు పాదము పెకలింపక కొమ్మ చివర మాత్రము త్రుంచి, బొడిపెలను లెక్కించి, ఆ గుబురులలో తిరుగు ప్రాణులు ఏవియో గమనింపవలెను. రోస్కోఫ్ ప్రయోగమును ఇచ్చట మరల చేసి చూచుటకు గాజుతొట్టెలు, సూక్ష్మదర్శిని, ఓపిక చాలును.