ఆకివీడు నేలలో వాన తోట: లోతు తగ్గించండి, వెడల్పు పెంచండి



ఆకివీడు చుట్టుపక్కల నీళ్లకు కొదవలేదు, మంచినీళ్లకే కొదవ. బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లో కలుస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకెళ్తుంది. ఎండాకాలంలో పోటు వచ్చినప్పుడు అదే దారిన ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. చాలాచోట్ల బోరు నీళ్లూ ఉప్పగానే ఉంటాయి. ఇలాంటి చోట పెరటి మొక్కలకు తేలిగ్గా దొరికే మంచినీరు మన ఇంటి కప్పు మీద పడే వాన. దాన్నేమో గొట్టం పెట్టి మురిక్కాలవలోకి వదిలేస్తున్నాం!

ఆ నీటిని కాసేపు ఆపి మొక్కల వేళ్లకు అందించే పల్లపు మడినే వాన తోట, అంటే రెయిన్ గార్డెన్ అంటారు. ఈ పద్ధతి 1990లో అమెరికాలోని మేరీలాండ్‌లో మొదలైంది. అయితే మనది నల్ల బంకమట్టి, వానాకాలంలో భూమిలో నీరు పైపైనే ఉంటుంది. లోతుగా తవ్వితే అది తోట కాదు, దోమల గుంటే.

ముందు ఈ పరీక్ష చేయండి: అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండో రోజుకల్లా ఇంకిపోతే పర్వాలేదు. లేదంటే మడి లోతు ఇంకా తగ్గించాలి. దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం దాకా పడుతుంది కాబట్టి, రెండు రోజుల్లో ఆరే మడితో భయం లేదు.

కొలతలు: 500 చదరపు అడుగుల కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 930 లీటర్లు. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, అర అడుగు లోతున్న మడిలో ఈ నీళ్లు పడతాయి. ఇంటి పునాదికి 10 అడుగుల దూరం ఉంచండి. సెప్టిక్ ట్యాంకు పక్కన వద్దు. నీళ్లు పడేచోట పెంకు ముక్కలు పరచండి. ఎక్కువైన నీరు కాలవలోకి పోయేలా ఒక వైపు గట్టు కాస్త తగ్గించండి.

మొక్కలు: అడుగున మెట్టతామర, చేమ, పొన్నగంటి. వాలులో వట్టివేరు. గట్టు మీద మందార, తులసి. మట్టిలో ముతక ఇసుక, ఘనజీవామృతం కలపండి. వరిగడ్డి ఆచ్ఛాదన గట్టు మీదే వేయాలండీ. అడుగున వేస్తే తేలిపోయి నీళ్లు పోయే దారికి అడ్డం పడుతుంది. అక్కడ పొన్నగంటే సజీవ ఆచ్ఛాదన.

రోహిణి కార్తెలో తవ్వి, మృగశిర వానలకు నాటండి. మొదటి ఏడాది ఎండాకాలం తడులు తప్పవు. తర్వాత ఏటా వానలకు ముందు ఒండ్రు తీసి, వట్టివేరు కత్తిరిస్తే చాలు. ఆ కోసిన ఆకే గట్టుకు ఆచ్ఛాదన అవుతుంది.