చిట్టెమునుండి కట్టడము

విశాఖపట్టణము నౌకాశ్రయమునకును ఉక్కునకును పేరెన్నికగన్న నగరము. ఇచ్చటి నౌకాశ్రయము 1933వ సంవత్సరమున ప్రారంభమయ్యెను. ఉక్కు కర్మాగారముకొఱకు 1966లో ఆంధ్రులు గొప్ప ఉద్యమము సాగించిరి. 1971 జనవరి 20వ తేదీన నాటి ప్రధానమంత్రి ఇందిరాగాంధి దానికి శంకుస్థాపన చేసిరి. 1992 ఆగస్టు 1వ తేదీన నాటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితము గావించిరి.

ఉక్కు కర్మాగారమనగానే మనకు ఇనుము స్ఫురించును. కాని అచ్చట ఇనుముతోపాటు మఱియొక పదార్థమును పుట్టుచున్నది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అను పేర్లుగల మూడు పెద్ద కొలుములు అందు గలవు. వానిలో ఇనుప ఖనిజమును, కోకు బొగ్గును, సున్నపురాతిని వేసి వేడిగాలి నూదుదురు. ఖనిజములోని మట్టియు, ఇసుకయు సున్నముతో గలిసి కరగి, ఇనుపద్రవముపై తేలును. దీనిని చిట్టెమందురు, కర్మాగారమువారు స్లాగందురు. ఒక టన్ను ఇనుము తీయునపుడు సుమారు మూడు నాలుగు వందల కిలోల చిట్టెము వచ్చును.

ఈ చిట్టెమును ఏమి చేయవలెను? నేలపై పోసి తనంతట చల్లాఱనిచ్చినచో అది రాయి యగును. అది కంకరగా పనికివచ్చును గాని, దానికి అతుకు గుణముండదు. సుమారు 1,500 డిగ్రీల వేడితో నున్న ఆ ద్రవముపై వేగముగా నీరు చిమ్మినచో, అది గాజువంటి ఇసుకగా మాఱును. ఆ ఇసుకను మెత్తని పొడి చేసి, సున్నమును నీటిని తోడు చేసినచో సిమెంటువలె గట్టిపడును. ఈ గుణమును 1862లో జర్మనీ దేశస్థుడగు ఎమిల్ లాంగెన్ కనుగొనెను. పదార్థ మొక్కటియే, చల్లార్చు విధము వేఱగుటచే గుణము వేఱయ్యెను.

సిమెంటు దొరకుచుండగా చిట్టెముతో మనకేమి పని యని మీరడుగవచ్చును. సిమెంటు చేయుటకు సున్నపురాతిని, బంకమట్టిని సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్చుదురు. 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి కాలినచో 56 కిలోల సున్నము మిగులును. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలియును. ఇంధనము మండుటవలన వచ్చు వాయువు దీనికి అదనము. మానవుల పనులవలన లోకమున వెలువడు బొగ్గుపులుసు వాయువులో నూటికి ఏడెనిమిది పాళ్లు సిమెంటు పరిశ్రమనుండి వచ్చుచున్నవి. భూమి వేడెక్కుటకు ఈ వాయువు ముఖ్యకారణము. చిట్టెమో, కొలిమిలో ఒకమాఱు కాలినదే. దానిని మరల కాల్చ నక్కఱలేదు.

చిట్టెమువలెనే బూడిదయు ఉపకరించును. విశాఖకు చేరువనున్న పరవాడ ప్రాంతమున 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్కేంద్రము గలదు. అందు బొగ్గు మండించి విద్యుత్తు తీయుదురు. మనదేశపు బొగ్గులో నూటికి ముప్పదినుండి నలుబది పాళ్లు బూడిదయే. పొగతో పైకెగయు సన్నని బూడిదను యంత్రములతో పట్టుదురు. దీనినే ఫ్లైయాష్ అందురు. ఇట్టి బూడిద గుట్టలుగా పడియున్నచో ఎండకాలమున గాలికి లేచి ఊళ్లపై పడును. కాంక్రీటులో చేరినచో ఇదియే మేలు చేయును. ఎట్లన, సిమెంటు నీటితో కలిసినపుడు గట్టి జిగురుతోపాటు కొంత సున్నము విడిగా మిగులును. బూడిదలోని సిలికా ఆ సున్నముతో కూడి మఱికొంత జిగురై, కాంక్రీటులోని సూక్ష్మరంధ్రములను పూడ్చును. మన పూర్వులు గానుగ సున్నములో ఇటుకపొడి కలుపుటయు, రోమనులు అగ్నిపర్వతపు బూడిద కలుపుటయు ఈ సూత్రము ననుసరించియే.

రంధ్రములు పూడుటవలన సముద్రతీరమున గొప్ప లాభము కలదు. ఉప్పుగాలి కాంక్రీటులోనికి చొచ్చి ఇనుప చువ్వలకు త్రుప్పు పట్టించును. త్రుప్పు ఉబ్బి కాంక్రీటును పగులగొట్టును. తీరమునందలి పాత మేడలలో పెచ్చులూడి చువ్వలు బయటపడుట మీరు చూచియుందురు. చిట్టెము, బూడిద తగుపాళ్లలో కలిపిన కాంక్రీటులో ఉప్పు అంత సులభముగా చొరజాలదు. బరువు మోయుట ఒక్కటియే కాక, పెక్కేండ్లు నిలుచుటయు మేలైన కాంక్రీటునకు లక్షణము. కూల్చిన కట్టడముల పెంకులను సయితము పొడిచేసి, జల్లించి, కంకరగా వాడుటకు 2016లో భారత ప్రమాణములు పరిమితముగా అనుమతించినవి.

అయినను చేతికి వచ్చినంత కలుపుట తగదు. మన ప్రమాణముల ప్రకారము స్లాగు సిమెంటులో చిట్టెము నూటికి 25నుండి 70 పాళ్లు, బూడిద సిమెంటులో బూడిద 15నుండి 35 పాళ్లు ఉండవలెను. ఇట్టి కాంక్రీటు మొదట మెల్లగా గట్టిపడి, తరువాత నెలల తరబడి బలము పుంజుకొనును. కావున మామూలు సిమెంటు కట్టడమును కనీసము 7 దినములు తడుపవలసియుండగా, దీనిని కనీసము 10 దినములు తడుపవలెను. ఎండలు మెండైనచో ఇంకను ఎక్కువ దినములు తడుపవలెను. తొందరపడి నీరు మానివేసినచో పైపొర పగిలి, ఉప్పునకు దారి యేర్పడును. అప్పుడు నేరము చిట్టెముది కాదు, మేస్త్రీది.

బాలబాలికలారా! పనికిమాలినదని పాఱవేసిన గుట్టను చూచినపుడు, అది దేనితో ఏర్పడినది, ఎట్లు చల్లాఱినది, దేనితో కలియును అని ప్రశ్నించుడు. ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసిన పిమ్మటనే కొలిమి చిట్టెము కట్టడమునకు బలమైనది.